బరువు ముందర, జాతకం వెనకాల

ఆ కొయ్య ఇట్ల జరపరా అబ్బోడా, పొగంతా అవ్వ మొకానికి కొడతా ఉండాది. ఈ ఊరి చలి మీకు కొత్త, మాకు పాతదే. మన బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీది నించి గాలి తిరిగిందంటే చెవులు కోసుకుపోతాయి. ఆ గెణుసుగడ్డలు రెండు బూడిదలో దూర్చు. అవి కాలేలోపల ఈ పాప తెచ్చిన బిస్కెట్ల సంగతి చూద్దాం.

ఏమమ్మా, ఏమన్నావు దీన్ని? ఫార్చూన్ కుకీనా? చూడ్డానికి మడిచిన చెవి మాదిరి ఉండాది. విరిస్తే లోపల చీటీ, చీటీలో నీ జాతకం. మీ అమెరికాలో చైనా హోటల్లో తిన్నాక బిల్లుతో బాటు ఇది పెడతారు, అందరూ విరిచి చదువుకుని నవ్వుకుంటారు అని చెప్తివి. ఏడాదికి దాదాపు 300 కోట్లు తయారవుతాయంట. ఇంత దూరం విమానంలో మోసుకొచ్చినావు గానీ తల్లీ, ఈ సరుకు మాకు తెలియంది కాదు. అరవై ఏండ్ల కింద మేమూ కొన్నాం. మాది తినేది కాదు, అంతే తేడా. ధర పది పైసలు.

జాతకం చీటీ అనంగానే మీకు చిలకోడు గుర్తొస్తాడు. వాడూ ఉన్నాడు, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు పక్కన చెట్టు నీడలో. చిలక బోనులోనించి బయటికొచ్చి, పరిచిన అట్టలు ముక్కుతో ఒక్కొక్కటే పక్కకు లాగి, ఒకటి తీసి ఇచ్చి, గింజ నోట కరుచుకుని లోపలికి పోయేది. ఎంకటేశ్వరసామి వస్తే మంచిది, రాములోరి పట్టాభిషేకం వస్తే ఇంకా మంచిది. శనేశ్వరుడు వస్తే ఏమి గతి? నేను నిలబడి చూసినంతలో ఒక్కతూరి కూడా రాలేదు. అది చిలకకు తెలుసో, చిలకోడికి తెలుసో.

ఎరుకలసాని లెక్క వేరే. బుట్ట చంకన పెట్టుకుని, చేతిలో కర్రతో మా లైన్లలోకి వచ్చేది. లైన్లంటే మీకు తెలీదు. కూలోళ్లకు వరసగా కట్టిన ఇండ్లు. ఒకింట్లో దగ్గితే నాలుగో ఇంటికి వినపడేది. ఆయమ్మ సోది మొదలుపెట్టేలోపలే ఎవరింటాయన ఏ షిఫ్టులో దిగినాడో, ఎవరి కోడలు పుట్టింటికి పోయి కూర్చుందో వినేసి ఉండేది. చేటలో బియ్యం పోయించుకుని, జరిగిందంతా జరగబోయేదాని మాదిరి చెప్పేది. మా అమ్మ నోరు తెరుచుకుని వినేది. నేను మాత్రం బియ్యం తట్టు చూస్తా ఉంటిని. మాకే అవి జాస్తి కాదు.

ఇంక మన కైవారం తాతయ్య. గాజులు అమ్ముకుంటా తిరిగిన మనిషి యోగి అయి, తెలుగులో కాలజ్ఞానం చెప్పినాడు. దాన్ని వీటితో కలపొద్దు. కాలజ్ఞానాలు లోకం గతి చెప్తాయి గానీ, పది పైసలిచ్చిన సుబ్బడికి రేపేమవుతుందో చెప్పవు. అందుకే దానికి దండం పెడతాం, దీనికి దుడ్డిస్తాం.

ఊరికే నవ్వకండి. అగ్గి చూడండి, ఆరిపోతా ఉండాది. రెండు పుల్లలెయ్యి.

ఈ బిస్కెట్టుకు నిజమైన చుట్టం నేను చూసింది దొరల బంగళాలో. 1956లో గనులు మైసూరు సర్కారు చేతికొచ్చినాయి గానీ, కొందరు దొరలు, ఆంగ్లో ఇండియన్లు ఇంకా ఈడనే ఉండిరి. ఈ ఊరిని లిటిల్ ఇంగ్లండ్ అనేది ఉత్తదేమీ కాదు. 1902లోనే శివనసముద్రం నించి కరెంటు వచ్చిన ఊరు ఇది, బెంగుళూరు వీధుల కన్నా ముందు. మా అమ్మ ఒక బంగళాలో ఆయాగా ఉన్నింది. క్రిస్మస్ వస్తే ఆ వంటింట్లో ఇనప అచ్చు నూనెలో ముంచి గులాబీ పూలు ఒత్తుతా ఉంటే, నేను వెనక వాకిట్లో కూర్చుని వాసన తాగుతా ఉంటిని. పండగ అయిపోయినాక అమ్మ కొంగులో రంగు కాగితాలు తెచ్చేది. క్రాకర్లంట. పేల్చే టపాకాయ కాదురా, కాగితం గొట్టం. ఇద్దరు చెరో కొన పట్టుకుని లాగితే టప్పుమని చిరుగుతుంది. లోపల కాగితం కిరీటం, ఒక బొమ్మ, ఒక చీటీ. దీన్ని లండన్‌లో టామ్ స్మిత్ అనే మిఠాయి వ్యాపారి 1840లలో మొదలుపెట్టినాడు. ముందు ఉత్త మిఠాయిని కాగితంలో చుట్టినాడు, తర్వాత దాంట్లో ప్రేమ మాట రాసిన చీటీ పెట్టినాడు, టప్పుమనే శబ్దం ఇంకా తర్వాత. చూసినారా, మిఠాయికీ చీటీకీ లంకె ఆడ కూడా ఉన్నింది. చిరిగిన కిరీటం పెట్టుకుని నేను లైన్లంతా తిరిగినా. చీటీ మాత్రం చదివేవాళ్లు లేక పొయ్యిలోకి పోయింది.

సరే, ఇంక అసలు సంగతికి వస్తాను.

బంగారుపేట స్టేషన్లో మా మేనమామ టీ, వడ అమ్మేవాడు. ఇప్పుడు బోర్డు మీద బంగారపేట అని ఉంటుంది, మా నాయన ఉన్నన్నాళ్లూ బౌరింగ్‌పేట అనే అన్నాడు. బౌరింగ్ అనే దొర పేరు మీద పెట్టిన పేరు అది. ఆడినించి కోరమండల్, ఊరిగాం, ఛాంపియన్ దాటుకుని మారికుప్పం దాకా పది మైళ్ల రైలు, 1894 నించీ ఉండాది. సెలవు దినమొస్తే నేను ఆ బండెక్కి మామ దగ్గరికి పోతా ఉంటిని. టీ గ్లాసులు అందిస్తే సాయంత్రానికి పది పైసలు నా చేతిలో పెట్టేవాడు. ఆ పది పైసలు పోయేది ఒకే చోటికి.

ప్లాట్‌ఫారం మీద బరువు చూసే మిషను. ఎర్ర రంగు, నాకన్నా రెండింతల ఎత్తు. పైన అద్దం, అద్దం వెనకాల రంగు లైట్లు, ఎరుపు తెలుపు గీతల చక్రమొకటి. మనిషి ఎక్కి నిలబడితే చక్రం గిరగిరా తిరిగేది. అది నిలిచేదాకా కదలకూడదు, ఊపిరి కూడా బిగబట్టాలి. నిలిచినాక బొక్కలో బిళ్ల వేస్తే లోపల ఏదో గరగరమని, టక్కుమని ఒక అట్టముక్క జారేది. రైలు టికెట్టంతే ఉండేది, అంత మందమే. ఒక పక్క నీ బరువు, ఇంకో పక్క నీ జాతకం. కొన్నిటి మీద సినిమావాళ్ల బొమ్మ కూడా ఉండేది. ఎన్టీఆర్ వచ్చినోడు ఎంజీఆర్ వచ్చినోడితో మార్చుకునేవాడు, మన ఊర్లో తెలుగోళ్లు, అరవమోళ్లు ఇద్దరూ ఉన్నారు గదా. జాతకం మాత్రం ఎవరూ మార్చుకునేవాళ్లు కాదు. బాగా లేనిదొస్తే గదా మార్చుకునేది.

అన్నీ మంచివే. నీవు ఉదార స్వభావం కలవాడవు. పెద్దల మన్నన దొరకును. దూర ప్రయాణము కలదు. రైలు స్టేషన్లో నిలబడినోడికి దూర ప్రయాణం కలదని చెప్పడానికి ఏ జ్యోతిష్కుడు కావాల?

అప్పుడప్పుడూ ఒకాయన బండి దిగి వచ్చేవాడు, ఖాకీ చొక్కా, చేతిలో నూనె డబ్బా. తాళం తీసి మిషను వెనకాల తలుపు తెరిచేవాడు. నేను దూరి చూసినా. దేవుడూ లేడు, చిలకా లేదు. ఇనప కడ్డీలు, బరువులు, స్ప్రింగులు, చిల్లర పడే డబ్బా, ఒక గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్టముక్కలు. జాతకం ముందే అచ్చయి వరసలో కాచుకుని ఉన్నింది. నీ వంతు వచ్చినప్పుడు కింద ఏది ఉంటే అది నీది. బరువొక్కటే అప్పటికప్పుడు ముద్ర పడేది.

ఒక దినం ఆయన తొందరలో ఉన్నట్లుండాడు, కట్టలు కలపకుండా నింపి పోయినాడు. మధ్యాహ్నం మద్రాసు బండి ఆలస్యం. ఊరికే కూర్చోలేక జనం ఒకరి వెనక ఒకరు ఎక్కినారు. తొమ్మిది మంది పిల్లలున్న బట్టల సేటు ఎక్కినాడు, సంతానప్రాప్తి త్వరలో కలదు అని వచ్చింది. కొత్తగా పెండ్లయిన పిల్ల ఎక్కింది, అదే. సిగ్గుతో మొగుడి వెనక దాక్కుంది. పోలీసాయన ఎక్కినాడు, అదే. మా మామ అంగట్లో గ్లాసులు కడిగే పన్నెండేండ్ల పిల్లోడు ఎక్కితే వాడికీ అదే! వాడు చదివించుకుని, ఏమన్నా అంటుకునే రోగమేమో అని ఏడ్చేసినాడు. మా మామ నవ్వి నవ్వి వడల బాండ్లి మాడ్చుకున్నాడు.

ఇది చెప్తే పాప నమ్మలేదు పొద్దున. తర్వాత తనే ఒక సంగతి చెప్పింది, నేను నమ్మలేదు. ఫోన్లో చూపిస్తే నమ్మినా. 2005 మార్చి 30న అమెరికాలో పవర్‌బాల్ అనే లాటరీ. రెండో బహుమతి నలుగురికో ఐదుగురికో రావాల్సింది, 110 మందికి వచ్చింది. మోసమేదో జరిగిందని లాటరీవాళ్లు హడలిపోయినారు. నీకీ నంబర్లు ఎక్కడివి అని గెలిచినోళ్లను పిలిచి అడిగితే, ఒకరి తర్వాత ఒకరు చెప్పిందంతా ఒకటే, ఈ బిస్కెట్టు చీటీలోవి అని. జాతకం కింద అదృష్ట సంఖ్యలని ఆరు అచ్చేస్తారంట. న్యూయార్క్‌లో వాంటన్ ఫుడ్ అనే ఫ్యాక్టరీ అప్పట్లో దినానికి 40 లక్షల బిస్కెట్లు చేసేది, ఒకే చీటీ దేశమంతా పోయింది. బంగారుపేటలో కట్ట కలపకపోతే సంతానప్రాప్తి, ఆడ కట్ట కలపకపోతే లక్ష డాలర్లు. వాళ్ల ఖాకీ చొక్కాయన మేలు.

గడ్డ తిప్పరా, ఒక పక్కే మాడతా ఉండాది.

అయితే ఈ బిస్కెట్టు చైనాదా అంటే కాదంట. అదీ విచిత్రం. జపాన్లో క్యోటో అనే పాత ఊరు, ఆడ ఫుషిమి ఇనారి అని పెద్ద గుడి. ఆ గుడి పక్క అంగళ్లలో పొడుగు కాడల ఇనప అచ్చుల్లో పిండి పోసి నిప్పు మీద కాల్చి, వేడిగా ఉన్నప్పుడే మడుస్తారు. చల్లారితే పటుక్కుమని విరిగిపోతుంది. మా బంగళా గులాబీ పూల అచ్చుకు అన్నదమ్ముడే అనుకోండి. ఇప్పటి దానికన్నా పెద్దది, నల్లగా ఉంటుంది, నువ్వులు, మిసో అనే పులిసిన సోయా ముద్ద వేస్తారు. చీటీ లోపల ఉండదు, మడతలో ఇరికిస్తారు. యసుకో నకమాచి అనే జపాన్ ఆయమ్మ ఏండ్ల తరబడి పాత పుస్తకాలు తిరగేసి, 1878 నాటి ఒక బొమ్మ పట్టుకుంది. అంగట్లో ఒకడు ఇవే కాలుస్తా ఉంటాడు దాంట్లో. మన ఊర్లో ఇంకా దొరల గని సరిగా కుదురుకోని కాలం అది.

ఆడినించి సముద్రం దాటి పోయినోళ్లతో అమెరికా చేరింది. శాన్ ఫ్రాన్సిస్కోలో జపాన్ టీ తోట చూసుకునే మకోటో హగివారా అనే ఆయన వచ్చినోళ్లకు టీతో బాటు ఇచ్చినాడంటారు. కాదు, మేమే 1918లో మొదలుపెట్టినాం అని లాస్ ఏంజెలెస్ డేవిడ్ జంగ్ పక్షం. ఆయన చైనా మనిషి, నూడుల్స్ ఫ్యాక్టరీ పెట్టినోడు. 1983లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉత్తుత్తి కోర్టు పెట్టి, నిజం జడ్జిని కూర్చోబెట్టి విచారించినారు. తీర్పు శాన్ ఫ్రాన్సిస్కోకే వచ్చింది. వాళ్లూర్లో కోర్టు, వాళ్లూరి జడ్జి, ఇంకేమొస్తుంది? లాస్ ఏంజెలెస్‌వాళ్లు ఒప్పుకోలేదనుకో.

నవ్వులాట సరే. 1942లో జరిగింది నవ్వులాట కాదు. జపాన్‌తో యుద్ధమొచ్చిందని, అమెరికా పడమటి తీరంలో ఉన్న జపాన్ వాళ్లను, ఆడ పుట్టినోళ్లతో సహా, లక్షకు పైన మందిని ఇండ్లలోనించి లేపి ముళ్లకంచె శిబిరాల్లో వేసినారు. బిస్కెట్ల అంగళ్లు మూతపడినాయి. అచ్చులు చల్లారినాయి. కానీ జనం నోటికి రుచి తగులుకుని ఉండాది గదా, ఆ పని చైనావాళ్లు అందుకున్నారు. యుద్ధం అయినాక ఓడ దిగిన సిపాయీలు ఆ తీరంలో తిని, తమ ఊర్లకు పోయి, మీ దగ్గర ఆ చీటీ బిస్కెట్టు లేదా అని చైనా హోటళ్లలో అడిగినారు. లేదంటే బేరం పోతుందని పెట్టినారు. అట్ల అది చైనాది అయిపోయింది. అదే బిస్కెట్టును 1990లలో చైనాకు తీసుకుపోతే వాళ్లకు ఏమీ అర్థం కాలేదంట. తినే వస్తువులో కాగితమేమిటి అన్నారంట.

మీకు వింతగా ఉండాది గానీ, ఈ ఊర్లో పుట్టినోడికి వింత కాదు. ఈ ఊరి జాతకం కూడా ఒక కాగితంలో దొరికిందే. 1802లో వారెన్ అనే సిపాయి దొర సరిహద్దు కొలవడానికి వచ్చి, ఊరిగాం పక్క జనం మట్టి కడిగి బంగారం తీస్తారని విన్నాడు. వాళ్ల చేత బండ్లతో మట్టి తెప్పించి, తన కండ్ల ముందే కడిగించి చూసినాడు. రాసిపెట్టినాడు. డెబ్బై ఏండ్లు ఆ రాత పాత పత్రికలో పండుకుంది. తర్వాత లావెల్ అని, న్యూజిలాండ్ యుద్ధం చేసి వచ్చి బెంగుళూరు కంటోన్మెంటులో కాపురముండిన ఐర్లాండాయన అది చదివి, ఎద్దుల బండి కట్టించుకుని ఈడికి వచ్చి, 1873లో తవ్వుతానని అర్జీ పెట్టుకున్నాడు. చీటీ చదివి నమ్మినోడన్న మాట. దుడ్లు చాలక హక్కు వేరేవాళ్లకు ఇచ్చేసినాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినాకే గని గని అయింది. లావెల్ పేరు ఇప్పుడు బెంగుళూరులో ఒక రోడ్డు. వారెన్ పేరు అదీ లేదు. మట్టి కడిగి చూపించినోళ్ల పేర్లు ఎవడూ అడగనే లేదు.

పాప ఇంకొకటి చెప్పింది, అది నాకు బాగా పట్టింది. ఆ న్యూయార్క్ ఫ్యాక్టరీలో చీటీల మాటలు రాసేది డొనాల్డ్ లావ్ అనే ఆయన. లెక్కల పని చూసుకుంటా 30 ఏండ్లు రాసినాడు. 2017లో, ఇంక నాకు మాటలు ఊరడం లేదప్పా అని ఇంకొకాయనకు అప్పజెప్పినాడు. ఎంత నిజాయితీ! మన టికెట్ల మీద రాసిందెవరో నాకు ఈనాటికీ తెలీదు. ఏ ప్రెస్సులోనో, లుంగీ కట్టుకుని, బీడీ తాగతా, నాకు ఉదార స్వభావం ఉందని రాసిన మహానుభావుడు.

మా నాయన ఆ రాత చదవలేదు. చదువు రాదని కాదు, తెలుగు బాగానే వచ్చు, పలమనేరు పక్క బళ్లో నాలుగు దాకా చదివి గనికొచ్చిన మనిషి. జీతం వచ్చిన ఆదివారం మామను చూడ్డానికి నన్ను తీసుకుని బౌరింగ్‌పేటకు వచ్చేవాడు. మిషనెక్కి, బిళ్ల వేసి, అట్టముక్క తీసుకుని ముందర పక్క చూసి జేబులో పెట్టుకునేవాడు. వెనకాల ఏముంది నాయనా అంటే, నువ్వే చదువు అనేవాడు. ఒకతూరి దూర ప్రయాణము కలదు అని చదివితే, "రోజూ పోతానే ఉండా కదరా, మైలు పైన, కిందికి" అన్నాడు. ఆ మాటకు మామ కూడా నవ్వలేదు.

ఆ అట్టలు పారేస్తాడనుకుంటిని. పెన్సిలుతో నెల, ఏడు రాసి, బిస్కెట్టు డబ్బాలో పెడతా ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది. 64 కిలోలు. ఆరు నెలలకు 61. తర్వాత 57. సంగటి ముద్ద మునుపటి మాదిరే తింటా ఉన్నాడు, దగ్గు ఉన్నింది, లైన్లలో దగ్గు లేనోడెవడు? 52 అయినప్పుడు పరీక్ష చేసి, రాతి దుమ్ము రొమ్ములో కూర్చుందని డాక్టరు చెప్పినాడు. నాయన ముందే చెప్పుకుని ఉన్నాడు తనకు తాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అంతే. డబ్బాలో మూడేండ్ల అట్టలు ఉన్నాయి. ముందర పక్కంతా దిగతా పోయింది, వెనక పక్కంతా ఎక్కతా పోయింది. ధనలాభము, కీర్తి, శత్రుజయము.

ఆఖరుది 47. మామ చెయ్యి పట్టుకుని ఎక్కించినాడు, చక్రం నిలిచేదాకా నాయన ఊపిరి బిగబట్టలేకపోయినాడు. వెనకాల ఏమున్నిందంటే, మిత్రులతో విందు భోజనము కలదు. అది జరిగింది. నెల తిరక్కుండా పదకొండో దినం దివసాలకు షిఫ్టు వాళ్లంతా వచ్చి కూర్చుని భోంచేసి పోయినారు. ఆ మిషను చెప్పినవాటిలో జరిగింది నాకు తెలిసి అదొక్కటే.

డబ్బా ఉండాది, అటక మీద. 2001 ఫిబ్రవరి ఆఖరులో గని మూసేసినప్పుడు నా నంబరు బిళ్ల కూడా దాంట్లోనే వేసినా. రేపు పగలు దించి చూపిస్తాను, ఈ చీకట్లో నిచ్చెన ఎక్కొద్దు.

గడ్డలు కాలినట్లుండాయి, వాసనొస్తా ఉండాది. ఊదుకుని తినండి, నాలిక కాల్తుంది. పాపా, ఆ పొట్లంలో ఇంకెన్ని ఉండాయి? మూడేనా? ఒకటి అవ్వకు తీసిపెట్టు. చీటీ నువ్వే తీసేసి ఇయ్యమ్మా, ఆయమ్మకు పండ్లు లేవు, దాంతో సహా మింగేస్తుంది.